నువ్వుల ట్రే

పిండి పొంగింది. గిన్నె మీద కప్పిన తడిగుడ్డ బొజ్జలా పైకి లేచింది. పిచ్చుక గుడ్డ తొలగించి పిండిలోకి వేలితో ఒక్క పొడుపు పొడిచింది. ఆ గుంట మెల్లగా పూడుకుంటూ పైకి రావడం చూసి ఇక ఆగలేకపోయింది.

"అత్తయ్యా! రండి, రండి, త్వరగా! ఊపిరి పీలుస్తోంది!"

పిచ్చుక అన్నది భర్త పెట్టిన పేరు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏదో ఒకదానికి మురిసిపోతూ కిచకిచలాడుతూనే ఉంటుందని. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు కానీ, ఆ పేరు అప్పుడే అత్తగారి నోటికీ అలవాటైపోయింది. పెళ్లి సంతకాలతో అయిపోయింది. విందు మాత్రం ఈ ఆదివారం, అపార్ట్‌మెంటు కింద హాల్లో. ఇద్దరి ఆఫీసుల వాళ్లూ, రెండు వైపుల చుట్టాలూ, అత్తగారి పాత స్నేహితులూ కలిపి వందమందికి పైనే. భోజనాలు బయటినుంచి వస్తాయి. వచ్చినవాళ్ల చేతిలో మొట్టమొదట పెట్టేది మాత్రం ఇంట్లో చేసిందే అవ్వాలని పిచ్చుక పట్టుబట్టింది. అందులోనూ ప్రెట్జెలే, తాడులా సాగదీసిన పిండిని ముడిలా చుట్టి కాల్చే ఆ విదేశీ రొట్టే, అవ్వాలని. స్టేషను పక్క బేకరీలో మిగిలిన ఆఖరి ప్రెట్జెల్ కోసం ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాచబట్టే కదా అసలీ పెళ్లి జరిగింది!

అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి గిన్నెలోకి తొంగిచూశారు. "ఊపిరేం ఖర్మ, ఇంకాసేపు వదిలేస్తే లేచి నడిచేలా ఉంది."

పిచ్చుక పిండిముద్ద ఒకటి తుంపి బల్లమీద వేసింది. రెండు అరచేతులతో నడిమి నుంచి కొసలకి తోస్తూ తాడులా సాగదీసింది. తాడుని గుర్రపు నాడాలా వంచి, రెండు కొసల్నీ మెలేసి, వెనక్కి మడిచి, అడుగున అంటించింది. రెండు కన్నాలూ ఒకలాగే వచ్చాయి. తనకి తనే చప్పట్లు కొట్టుకుంది.

"ఇదేం రొట్టే, ఈ ముళ్లేమిటి?" అన్నారు అత్తగారు.

"చేతులు కట్టుకుని అలిగి కూర్చున్న రొట్టె అమ్మా," అన్నాడు అతను తలుపు దగ్గర్నుంచి. "అచ్చం నీ కోడల్లా."

"నేనెప్పుడు అలిగాను?"

"ఇదిగో, ఇప్పుడు."

పిచ్చుక పిండి చేత్తో అతని ముక్కు పట్టుకుంది. అత్తగారు చూడనట్టు పక్కకి తిరిగి, బల్లమీదున్న చిన్న గిన్నెల్ని ఒక్కొక్కటే దగ్గరికి లాక్కుని వాసన చూశారు. ఒకదాంట్లో గళ్లుప్పు, ఒకదాంట్లో వెల్లుల్లి నూరి కలిపిన వెన్న, ఒకదాంట్లో దాల్చినచెక్క పొడి కలిపిన పంచదార, ఒకదాంట్లో నువ్వులు.

"ఈ నువ్వులవి నాకొదిలెయ్యి," అన్నారు.

"అంటే, మీరు చుడతారా?"

"ఏం, చుట్టకూడదా?" ఆవిడ కుడిచేతిని ఎడమచేతి కింద పెట్టుకున్నారు. జీవితమంతా చొక్కాలకి కాజాలు కుట్టిన చెయ్యి అది. పోయినేడాది వణకడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి గదిలో కుట్టుమిషను మీద గుడ్డ కప్పే ఉంటోంది. "వాడు పుట్టిన దగ్గర్నుంచి వాడి చొక్కాలన్నీ నేను కుట్టినవే. పెళ్లిచొక్కా ఒక్కటే కొట్లో కొన్నారు. కనీసం విందులోనన్నా నా చెయ్యి పడనివ్వండి."

"అయ్యో, పడనివ్వడమేంటి అత్తయ్యా! నువ్వుల ట్రే మొత్తం మీదే," అంది పిచ్చుక. ఆ మాట అంటుంటే ఆమెకి నిజంగానే సంతోషమేసింది. ఫోటో తీస్తే ఎంత బాగుంటుంది, అత్తాకోడళ్లిద్దరూ పిండి చేతులతో!

అత్తగారు అప్పుడే ఫోన్ అందుకున్నారు. బట్టల కొట్టు వెనకగదిలో తన పక్క బల్లమీద బట్ట కత్తిరించిన స్నేహితురాలికి. ఆవిణ్ణి ఇంట్లో కత్తెర పిన్ని అంటారు. చేతిలోనూ కత్తెరే, నోట్లోనూ కత్తెరే.

"వినిపిస్తోందా? ఆదివారం త్వరగా రా. ఎందుకనా? నువ్వుల డిపార్టుమెంటు నాది. వచ్చి చూడు, చూశాక మాట్లాడు."

*

శనివారం భోజనాలబల్ల ఖాళీ చేసి, గోడవారగా ఉన్నది నడిమధ్యకి లాగి, పిండి చల్లారు. ఒక పక్క పిచ్చుక, ఇంకో పక్క అత్తగారు. పొయ్యిమీద పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. చుట్టినవాటిని వంటసోడా వేసిన ఆ నీళ్లలో ఒక్క మునక ముంచి తీస్తేనే కాలాక పైన ఆ గోధుమరంగు మెరుపు వస్తుంది. అతనికి ముంచే పని, చల్లే పని, ఓవెన్ తలుపు తీసి వేసే పని అప్పగించారు. కాసేపటికే అతని కళ్లజోడంతా ఆవిరి.

"ఏమీ కనపడ్డం లేదు పిచ్చుకా. ఇప్పుడు నేను ముంచింది ప్రెట్జెలేనా, నా వాచీనా?"

"వాచీ అయితే దాల్చినచెక్క చల్లు, మా మేనేజరుకి ఇద్దాం."

వెల్లుల్లి వాసన ఇల్లంతా పట్టింది. మొదటి ట్రే బయటికి వచ్చినప్పుడు పిచ్చుక దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకుంది. ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. ఫోటో తీసి ఆఫీసు వాళ్లకి పంపింది. పంపిన మరుక్షణమే ఎవరో హృదయాలు పెట్టారు, ఎవరో "ఇంట్లో చేసినవంటే నమ్మమంటావా" అన్నారు. అది చదివి బల్లచుట్టూ ఒక గెంతు గెంతింది.

అత్తగారు దేనికీ తలెత్తలేదు. ముద్దని అరచేతుల కింద పెట్టి తోస్తుంటే కుడిచెయ్యి మధ్యలో ఆగి గిలగిల్లాడేది. ఆగినచోట తాడు లావుగా మిగిలిపోయేది, జారినచోట సన్నబడిపోయేది. ఆవిడ నాలుక కొస పళ్లమధ్య పట్టుకుని, కొసల్ని మెలేసి, మడిచి, ముడి దగ్గర బొటనవేలితో గట్టిగా ఒక్క నొక్కు నొక్కేవారు, బొత్తాం కుట్టాక దారం తెంపేముందు నొక్కినట్టు. తర్వాత తల వెనక్కి వాల్చి చూసుకుని కాగితం మీద పేర్చేవారు. పిచ్చుక నాలుగు చుట్టేసరికి ఆవిడ ఒకటి చుట్టారు. అలా అలా నువ్వుల ట్రే నిండింది.

"అమ్మయ్య," అని నడుం పట్టుకుని లేచారు. "ఆ వేడినీళ్ల జోలికి నేను రాను తల్లీ, చెయ్యి కాల్చుకుంటాను. కాసేపు వాలతా. మెల్లగా ముంచండి, విడిపోతాయేమో."

"మీరు వెళ్లి పడుకోండి అత్తయ్యా, మేం చూసుకుంటాం."

ఆవిడ గది తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది.

పిచ్చుక చిల్లుల గరిటెతో మొదటిది ఎత్తి నీళ్లలోకి వదిలింది. సన్నగా ఉన్న కొస వెంటనే ఊడి, పురుగులా నీళ్లలో తేలింది. రెండోది ముంచలేదు. ట్రే వంక చూసింది. ఒకదానికి ఒక కన్నం పెద్దది, ఒకటి మూసుకుపోయింది. ఒకదాని కాలు పక్కకి పోయింది. కాల్చినా సన్నటిచోట మాడుతుంది, లావుచోట పచ్చిగా ఉంటుంది. పొద్దున ఫోనులో తన తల్లి అన్న మాట గుర్తొచ్చింది: "అత్తారింట్లో మొదటి విందు. ఒకరు వంక పెట్టే చోటివ్వకు."

ఒకటి తీసుకుని, బొటనవేలి నొక్కు దగ్గర ముడి విప్పింది. పిండి మెత్తగా విడిపోయింది. ఉండచేసి, కాసేపు ఆరనిచ్చి, మళ్లీ తాడు చేసి చుట్టింది. ఎంత చక్కగా వచ్చిందో. ఇంకోటి విప్పింది. తర్వాత ఇంకోటి.

అతను కళ్లజోడు తుడిచి పెట్టుకుని చూశాడు. "ఏయ్, అమ్మవి విప్పేస్తున్నావా?"

"విప్పట్లేదు, సరిచేస్తున్నా."

"చూస్తే కనిపెట్టేస్తుంది."

"కాలాక అన్నీ ఒకలాగే ఉంటాయి. కనిపెట్టరు."

"ఒకటి రెండన్నా ఉంచు."

"ఉంచితే ట్రేలో అవే కొట్టొచ్చినట్టు కనపడతాయి. అప్పుడెవరికి చిన్నతనం? అత్తయ్యకే కదా?"

అతను ఇంకేదో అనబోయి, భుజాలు ఎగరేసి, నువ్వుల గిన్నె అందుకున్నాడు. ఆమె చెప్పింది సబబుగానే ఉంది మరి.

అయినా ఒకటి తప్పించుకుంది. కాగితం అంచు మడతకింద దాక్కున్నట్టుంది, విప్పుతున్నప్పుడు పిచ్చుక కంటపడలేదు. కళ్లజోడు మళ్లీ మసకబారి అతను చూసుకోకుండా ముంచేశాడు, అలాగే ఓవెన్‌లోకి పోయింది. ట్రే బయటికి తీస్తే, నున్నగా గుండ్రంగా ఉన్నవాటి మధ్య ఒక కాలు చాచి, ఒక కన్ను మూసి ఉంది.

"ఇది పారిపోతోంది చూడు!" అంది పిచ్చుక.

"కన్ను కొట్టి మరీ పారిపోతోంది."

నవ్వాపుకోలేక ఇద్దరూ నోళ్లు నొక్కుకున్నారు, అత్తగారు లేస్తారని. అది ట్రేలో పెట్టేది కాదు కాబట్టి రుచి చూడ్డానికి దాన్నే విరిచారు. అతనికో సగం, ఆమెకో సగం. సన్నగా ఉన్న కొస కరకరలాడింది. లావుగా ఉన్నచోట లోపల దూదిలా ఉంది, ఆవిరి వచ్చింది. ఎత్తుపల్లాల్లో నిలిచిన నువ్వులు బాగా వేగి, నమిలిన కొద్దీ నూనె ఊరాయి.

"అబ్బ! అన్నిటికన్నా ఇదే బాగుంది," అన్నాడు అతను.

"ఊఁ," అంది నోటినిండా పెట్టుకుని. గడ్డం మీద అంటిన నువ్వుగింజని అతను వేలితో తీసి నోట్లో వేసుకున్నాడు. ఇద్దరూ బల్ల తుడిచారు.

అత్తగారు లేచివచ్చేసరికి ట్రేలన్నీ వరసగా చల్లారుతున్నాయి. ఆవిడ నేరుగా నువ్వుల ట్రే దగ్గరికి వెళ్లారు. వంగి చూశారు. చూస్తూనే ఉండిపోయారు.

"ఇంత గుండ్రంగా వచ్చాయేంటి?"

పిచ్చుక అతని వంక చూసింది. అతను చేతిలో గుడ్డతో ఓవెన్ తలుపు తుడవడం మొదలుపెట్టాడు.

"పొంగుతాయి కదా అత్తయ్యా," అంది పిచ్చుక. "ఓవెన్‌లో వాటంతటవే సర్దుకుంటాయి."

"అవునా!" ఆవిడ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. తర్వాత తన కుడిచేతిని వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసుకున్నారు. ముఖం అంతా విప్పారిపోయింది. "నేనేదో వంకరటింకరగా చుట్టాననుకున్నాను సుమా."

పిచ్చుక ఊపిరి పీల్చుకుంది. ఒక్క అబద్ధంతో ఒక మనిషికి ఇంత సంతోషం ఇవ్వచ్చా, అనుకుంది.

*

ఆదివారం హాలు నిండిపోయింది. పిచ్చుక పసుపుపచ్చ బట్టలు కట్టుకుని ఒకచోట కాలు నిలపకుండా తిరిగింది. వెల్లుల్లివి ముందు అయిపోయాయి. అతని ఆఫీసులో పెద్దాయన దాల్చినచెక్కవి రెండు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంటుంటే కళ్లారా చూసింది. "మీ ఆవిడ ఉద్యోగం మానేసి బేకరీ పెడితే మేమంతా కస్టమర్లమే" అని ఎవరో అతనితో అన్నారు. ఆ మాట ఆమెకి చెవిలో తేనె పోసినట్టుంది.

నువ్వుల ట్రే పెట్టిన బల్ల వెనక అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తీసుకునేవాళ్లందరికీ తనే కాగితంలో పెట్టి ఇస్తున్నారు. కత్తెర పిన్ని వచ్చీరాగానే ట్రే మీదికి వంగింది.

"ఇవి నువ్వు చుట్టావా? నిజం చెప్పు."

"నేనే."

"ఆ చేత్తోనే?"

"ఇంకెవరి చేత్తో చుడతానే?"

"పోయిన నెల కాఫీ గ్లాసు పట్టుకోలేక సగం నా మీద ఒంపావు. ఇప్పుడు ఇవి చుట్టావంటే మా కళ్లముందు చుడితే గానీ నమ్మం." చుట్టూ ఉన్న ఒకరిద్దరు నవ్వారు. "చూపించమ్మా, మేమూ నేర్చుకుంటాం" అని ఇంకెవరో అన్నారు.

"పిండి ఎక్కడిది ఇక్కడ?"

"పిండెందుకు?" కత్తెర పిన్ని సంచీలోంచి కొలతల టేపు తీసి బల్లమీద పడేసింది. "దీంతో చుట్టు."

పిచ్చుక అప్పటికి రెండు బల్లల అవతల ఉంది. టేపు చూసింది. ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అడుగుతున్నారు. ఏదో చెప్పి విడిపించుకుని వచ్చేసరికి అత్తగారు టేపుని నాడాలా వంచేశారు. వేళ్లు వణుకుతున్నాయి. ఒక కొస మెలేస్తుంటే ఇంకోటి జారిపోతోంది. ఆవిడ నాలుక కొస పళ్లమధ్య పట్టుకుని, రెండు కొసలూ కిందికి తెచ్చి, బొటనవేలితో నొక్కారు.

"ఇదిగో," అన్నారు.

టేపు ముడి పక్కనే ట్రేలో ప్రెట్జెల్ ఉంది. టేపుకి ఒక కన్నం పెద్దది, ఒకటి నలిగిపోయింది, ఒక కాలు పక్కకి పోయింది. అత్తగారు టేపుని చూశారు. ట్రేని చూశారు. ఇంకోసారి టేపుని చూశారు. ఒక ప్రెట్జెల్ ఎత్తి, ముడి దగ్గర బొటనవేలితో తడిమారు. అది పెట్టేసి ఇంకోటి ఎత్తారు. తర్వాత ఇంకోటి.

కత్తెర పిన్ని ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఎలా తీసెయ్యాలో తెలియనట్టు.

"టేపుతో అంతే పిన్నీ, జారిపోతుంది!" పిచ్చుక ముందుకు వచ్చేసింది. గొంతు తనకే పెద్దగా వినిపించింది. "పిండయితే పొంగి సర్దుకుంటుంది. నువ్వులవే కాదు, అసలు అన్నీ అత్తయ్యే చుట్టారు! నేను ఊరికే సాయం చేశానంతే!"

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొందరు అందుకున్నారు.

అత్తగారు టేపు ఒక కొస పట్టుకుని రెండు వేళ్లకి చుట్టడం మొదలుపెట్టారు. చప్పట్లు ఆగేదాకా చుడుతూనే ఉన్నారు. చిన్న చక్రంలా అయ్యాక కత్తెర పిన్ని చేతిలో పెట్టారు.

"మా పిచ్చుకకి మంచిపేరు అందరికీ పంచిపెట్టడమే అలవాటు," అన్నారు నవ్వుతూ. "అన్నీ కోడలు చుట్టినవే. నేను పక్కన కూర్చున్నానంతే."

తర్వాత కూడా ఆవిడ కుర్చీ వదల్లేదు. వచ్చినవాళ్లకి కాగితంలో పెట్టి ఇస్తూనే ఉన్నారు. "కోడలు చేసింది, తినండి," అని. పిచ్చుకకి ఆ తర్వాత ఎవరేం మెచ్చుకున్నదీ చెవికెక్కలేదు. నువ్వులవి ఒక్కటి కూడా మిగల్లేదు.

*

సోమవారం ఏమీ జరగలేదు. అత్తగారు మామూలుగానే ఉన్నారు. విందులో ఎవరేం కట్టుకొచ్చారో చెప్పుకుని నవ్వారు కూడా. అది చూసి అతను, "చూశావా, అమ్మ మర్చిపోయింది. నువ్వే పట్టుకుని వేలాడుతున్నావు," అన్నాడు. పిచ్చుకకి ఆ సగం ముక్క రుచి నోట్లోంచి పోవడం లేదు. అది ఒక్కటీ తినకుండా ట్రేలో ఉంచి ఉంటే, ఆవిడ వేలికి ఆ ఒక్కటన్నా దొరికి ఉండేది.

మంగళవారం ఆఫీసు నుంచి త్వరగా వచ్చి పిండి కలిపింది. కొంచెమే. పొంగాక గిన్నె తీసుకెళ్లి అత్తగారి గది గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, చుడదామా?"

"మళ్లీనా? ఇప్పుడెవరొస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదు. మనకే."

ఆవిడ వచ్చి బల్లదగ్గర కూర్చున్నారు. పిచ్చుక ముద్దని రెండు చేసి ఒకటి ఆవిడ ముందు పెట్టింది. కళ్లెత్తకుండానే, నీళ్లలోకి దూకినట్టు అనేసింది.

"నేను విప్పేశాను అత్తయ్యా. మీవన్నీ. విప్పి మళ్లీ చుట్టాను."

"తెలుసులే."

"ఒకటి మిగిలింది. అది మేమిద్దరం తినేశాం. అదే అన్నిటికన్నా బాగుంది. నిజంగా. అబద్ధం కాదు."

అత్తగారు చిన్నగా నవ్వారు. "విప్పితే తప్పేముంది? నేనైనా విప్పేదాన్నే. వంకర కాజా ఉన్న చొక్కా కొట్లోంచి బయటికి పంపుతామా?"

"అది కొట్టు కాదు కదా అత్తయ్యా."

ఆవిడ బల్లమీద చెదిరిన పొడిపిండిని అరచేత్తో ఒక పక్కకి పోగుచేశారు. చెయ్యి వణుకుతుంటే పోగు అంచు మళ్లీ చెదిరింది.

"నా బాధ విప్పినదానికి కాదమ్మాయ్," అన్నారు. "ఓవెన్‌లో సర్దుకున్నాయన్నావు చూడు. అది ఓవెన్ చలవని నాకు తోచలేదు. చెయ్యి బాగుపడుతోందేమో అనుకున్నాను. నేను వంకరగా చుట్టానని నాకనిపించిందే తప్ప, నిజానికి బాగానే చుట్టానేమో అని. ఆదివారం పొద్దున మిషను మీద గుడ్డ తీసి, నూనె వేసి, సూదికి దారం ఎక్కించుకుని కూర్చున్నాను. మూడు సార్లకి ఎక్కింది. వాడికో చొక్కా కుడదామని."

పిచ్చుక తల తిప్పి మిషనున్న గది వైపు చూసింది.

"పోనీలే," అన్నారు అత్తగారు. "ముద్ద ఆరిపోతుంది, చుట్టు."

"మీరూ చుట్టండి. నేను ముట్టుకోను. ఒట్టు."

"నువ్వు చుట్టు. నేను చూస్తా." తన ముందున్న ముద్దని వేలితో మెల్లగా కోడలి వైపు తోసేశారు.

పిచ్చుక దాన్ని తీసుకుంది. తాడు చేసింది. కావాలనే ఒకచోట చెయ్యి ఆపింది, లావుగా మిగలాలని. ఒకచోట గట్టిగా తోసింది, సన్నబడాలని. అరచేతులు ఆమె మాట వినలేదు, ఎత్తుపల్లాలు వాటంతటవే చదునైపోయాయి. కొసలు మెలేసి పక్కకి లాగబోయింది. వేళ్లు అలవాటుగా కిందికి తెచ్చి సరిగ్గా అంటించేశాయి. రెండు కన్నాలూ ఒకలాగే వచ్చాయి.

కళ్లు మసకబారుతుంటే దాన్ని కాగితం మీద పెట్టింది.

అత్తగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి చూశారు.

"బాగుంది," అన్నారు. "ఇంకోటి చుట్టు."